ప్రోనోటు దావాలో అప్పును కిస్తీలుగా కట్టే ఏర్పాటు కోర్టు చేస్తుందా?

ప్రశ్న:
మా అమ్మగారి ఆపరేషన్ కోసం రెండేళ్ల క్రితం తెలిసినవారి వద్ద ప్రోనోటు రాసి 80,000 రూపాయలు తీసుకున్నాను. వడ్డీ కూడా నిలిచిపోవడంతో వారు సివిల్ కోర్టులో దావా వేశారు. గత వారం సమన్లు అందాయి. అప్పు నిజమే, ఎగ్గొట్టే ఉద్దేశం లేదు. ప్రైవేటు ఉద్యోగంలో నాకు వచ్చేది 22,000 జీతం, అందులో నెలకు 4,000 కట్టగలను. అందుకు కోర్టు ఒప్పుకుంటుందా, లేక జీతమంతా జప్తు అవుతుందా?

జవాబు 1:
సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 20, రూల్ 11 ప్రకారం తగిన కారణం చూపితే డిక్రీ (సొమ్ము కట్టమనే కోర్టు తుది ఉత్తర్వు) ఇచ్చేటప్పుడే న్యాయమూర్తి కిస్తీలు నిర్ణయించవచ్చు. డిక్రీ వచ్చాక అడగాలంటే మాత్రం 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి, పైగా అప్పిచ్చినవారి సమ్మతి కూడా ఉండాలి. అందుకే సమన్లను బీరువాలో పెట్టి ఊరుకోకండి; హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే డిక్రీ వస్తుంది, అందులోనే కిస్తీలు అడిగే అవకాశం చేజారుతుంది. ఆసుపత్రి బిల్లులు, జీతం స్లిప్పులు, ఇంటి అద్దె రసీదులు జతచేసి రాతపూర్వక జవాబులోనే కిస్తీలు కోరండి. కోర్టులో వాయిదా అంటే విచారణ తేదీ కూడా కాబట్టి ‘నెలవారీ కిస్తీలు’ అనే రాయించడం మేలు.

జవాబు 2:
పై సలహాతోపాటు కేసును లోక్ అదాలత్‌కు పంపమని కూడా అడగండి. అక్కడ రాజీ కుదిరితే వాది కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది కనుక వారూ కొంత మెత్తబడతారు. అయితే ఆ రాజీపై లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఒక్క కిస్తీ తప్పినా మిగతాదంతా ఒకేసారి కట్టాలన్న షరతు అందులో ఉందేమో చదివాకే సంతకం చేయండి. నెలకు 4,000 కష్టమనిపిస్తే 3,000 అని ఇప్పుడే చెప్పడంలో నామోషీ ఏమీ లేదు. న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు.

జవాబు 3:
జీతమంతా జప్తు చేయరండీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. మీ లెక్కన నెలకు 7,000కు మించదు. అదీ ఒకే డిక్రీ కింద 24 నెలలకు మించి సాగదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కిస్తీలు నేరుగా వారి చేతికే ఇవ్వవచ్చా?

జవాబు 1:
ఇవ్వవచ్చు గానీ, డిక్రీ తర్వాత కోర్టు బయట ఇచ్చిన సొమ్మును కోర్టులో నమోదు చేయించకపోతే అమలు దశలో దాన్ని లెక్కలోకి తీసుకోరు. బ్యాంకు ద్వారా పంపి, ప్రతి కిస్తీని మీ వకీలుతో మెమో వేయించి నమోదు చేయించండి.