తలకు దెబ్బ తగిలితే దగ్గరి ఆస్పత్రికా, నేరుగా హైదరాబాద్‌కా?

శ్రీను_హైవే:
మా బావమరిది రాత్రిపూట బండి మీంచి పడ్డాడు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది, తల మీద కాదు. 108 తొందరగానే వచ్చింది, దానికి వంక పెట్టను. కానీ తీసుకెళ్లి ఏరియా ఆస్పత్రిలో దించారు. అక్కడ సీటీ స్కాన్ లేదు, న్యూరో సర్జన్ లేడు. సెలైన్ పెట్టి, తలకు కట్టు కట్టి హైదరాబాద్‌కి రాసేశారు. మనిషి దక్కాడు గానీ కుడి చెయ్యి లేవదు, కూతురి పేరుకు కూడా తడుముకుంటాడు. సీటీ లేని చోట ఎందుకు దించాలి? నేరుగా తీసుకెళ్తే ఏం పోయేది?

వాణి_కర్నూలు:
నేరుగా వెళ్లడమే మంచిది. దగ్గరి ఆస్పత్రంటే టైమ్ దండగ.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
ఏరియా ఆస్పత్రిలో పని చేస్తాను కాబట్టి చెప్తున్నా. మెదడుకు మొదటి దెబ్బ రోడ్డు మీదే తగిలిపోతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తీయలేరు. రెండోది ఆ తర్వాత, ఆక్సిజన్ అందక, బీపీ పడిపోయి తగులుతుంది. ఆపగలిగేది దాన్నే. స్పృహ లేనివాడికి నాలుక వెనక్కి పడుతుంది, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషికి స్పృహ ఎంతుందో కొలిచే గ్లాస్గో స్కోరు 8, అంతకంటే తక్కువ ఉంటే గొంతులో ట్యూబ్ వేసి గానీ పంపకూడదు. అవేమీ చూడకుండా మూడు గంటలు తిప్పితే అక్కడ ఎంత గొప్ప సర్జన్ ఉన్నా లాభం లేదు.

శ్రీను_హైవే:
ట్యూబ్ వెయ్యలేదు. సీటీ లేని చోట ఎందుకు దించారు? దానికి చెప్పండి.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
అప్పటికి మాట్లాడుతున్నాడా?

శ్రీను_హైవే:
మాట్లాడాడు, నీళ్లు కూడా అడిగాడు.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
మాట్లాడేవాళ్లతోనే మరీ భయం. పుర్రెకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంటే కొంతసేపు మామూలుగానే ఉంటారు, తర్వాత మత్తులోకి జారిపోతారు. హాలీవుడ్ నటి నటాషా రిచర్డ్‌సన్ 2009లో కెనడాలో స్కీయింగ్ చేస్తూ పడింది. బాగానే ఉన్నానని మొదట వచ్చిన అంబులెన్స్‌ను వెనక్కి పంపేశారు. రెండు రోజులకు పోయింది.

గుంటూరు_మిర్చి:
అసలు పోలీసు కేసు రాయనిదే ఒంటి మీద చెయ్యి వెయ్యరు కదా.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
అదేం లేదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

గుంటూరు_మిర్చి:
ఆ తీర్పు ప్రైవేటు ఆస్పత్రి డిపాజిట్ కౌంటర్ దగ్గర చదివి వినిపించండి సార్, దండం పెడతా.

వాణి_కర్నూలు:
రోడ్డు ప్రమాదాలకు 7 రోజుల పాటు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం అని కేంద్రం 2025 మేలో స్కీము తెచ్చింది. మా దగ్గర ఒక రిసెప్షన్‌లో అడిగితే నన్ను ఎగాదిగా చూశారు.

శ్రీను_హైవే:
టాపిక్ మార్చకండి. డాక్టర్ గారూ, రిఫర్ అంటే చేతులు దులుపుకోవడం. అంతే.

నైట్‌డ్యూటీ_డాక్టర్:
అవును, దులుపుకుంటాం! చెప్పమన్నారు కదా, వినండి. రాత్రి నేనొక్కణ్ణే. మత్తు డాక్టర్ ఉండడు. ట్యూబ్ వేస్తుండగా మనిషి పోతే నేనే చంపానంటారు. పోయిన ఏడాది ఇలాగే ఒకరు పోతే అద్దాలు పగలగొట్టి స్టాఫ్ నర్సును కొట్టారు. అదే దారిలో పోతే తలరాత అంటారు. ఇక నేను ఏం చేస్తానో మీరే చెప్పండి.

శ్రీను_హైవే:
అంటే మావాణ్ణి దారిలో పోతే పోనీ అని పంపారన్నమాట. నర్సును కొట్టింది మేం కాదు. ఎవరో కొడితే శిక్ష మాకా?

మాజీ_ఈఎంటీ:
108లో చేశాను, ఒక మాట. దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో దించగానే మమ్మల్ని ఇంకో కేసుకు పిలుస్తారు. అక్కణ్ణించి పెద్దాస్పత్రికి వేరే బండి దొరకాలి. శ్రీను గారూ, రిఫర్ చీటీ మీద టైమ్ ఎంత ఉంది? మీరు బయల్దేరింది ఎప్పుడు?

శ్రీను_హైవే:
జిరాక్స్ ఉంది, ఆగండి. చీటీ మీద 10:40. బండి కదిలింది పన్నెండున్నరకి. ఆక్సిజన్ ఉన్న ప్రైవేటు అంబులెన్స్ కోసం ఫోన్లు, తర్వాత డబ్బుల కోసం ఫోన్లు. అక్కడికెళ్లాక మొదటి ఆస్పత్రిలో వెంటిలేటర్ ఖాళీ లేదన్నారు, ఇంకోదానికి తిరిగాం.

మాజీ_ఈఎంటీ:
పంపేముందు ఆ ఆస్పత్రికి ఎవరైనా ఫోన్ చేశారా?

నైట్‌డ్యూటీ_డాక్టర్:
మేం చేస్తే ఎత్తరు. ఎత్తినా "పంపండి, చూద్దాం" అంటారు. శ్రీను గారూ, ఆ చీటీలో గ్లాస్గో స్కోరు ఎంత రాశారు?

శ్రీను_హైవే:
ఆ గడి ఖాళీగా ఉంది.

వాణి_కర్నూలు:
ఖాళీగానా? డాక్టర్ గారూ, దీనికేమంటారు?

నైట్‌డ్యూటీ_డాక్టర్:
రాయాలి. రాయకపోతే అవతలివాళ్లకు మనిషి దారిలో దిగజారాడో లేదో తెలియదు. దాన్ని నేను వెనకేసుకురాను.

శ్రీను_హైవే:
సరే, బండి సంగతి ఒప్పుకుంటా. కానీ సీటీ లేని చోట దించడం తప్పే. ఆ మాట మాత్రం వదలను.