ఓసీడీ అని తేలింది, స్కూల్లో ఎవరికి ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న (కావలి నుంచి ఒక అమ్మ): పాప తొమ్మిదో తరగతి. నెల్లూరులో సైకియాట్రిస్టు ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనల వల్ల కడిగిందే కడగడం లాంటి పనులు మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు) అన్నారు, ఫ్లూయాక్సెటిన్ అనే మందు మొదలైంది. బాత్రూంకి పోతే అంతసేపు ఏం చేస్తావని ఫ్రెండ్స్ ఏడిపిస్తున్నారట. క్లాసు వాట్సాప్ గ్రూపులో తనే చెప్పేస్తానంటోంది. వాళ్ళ నాన్నేమో పెళ్ళికావాల్సిన పిల్ల, ఎవరికీ తెలియకూడదంటారు. ఏం చేయాలి?

స్కూలు కౌన్సెలర్, ఒంగోలు: గ్రూపులో మాత్రం పెట్టబాకండమ్మా. డిలీట్ కొట్టేలోపు స్క్రీన్‌షాట్ పక్క సెక్షన్‌కి చేరిపోద్ది. అట్టాగని పూర్తిగా దాచినా కుదరదు. పావుగంట చేతులు కడుక్కునే పిల్ల క్లాసు ఎగ్గొడుతోందనే టీచర్లు అనుకుంటారు.

ముందు ఒక్క పెద్ద మనిషికి చెప్పండి. అది క్లాస్ టీచరా, హెచ్ఎమ్మా అన్నది పాపనే ఎంచుకోనివ్వండి. పేరెంట్స్ మీటింగ్ రోజు వద్దు, వెనక వరసలో నలుగురు వింటుంటారు. మామూలు రోజున బడి వదిలాక పది నిమిషాలు అడగండి. చెప్పాల్సింది ఒక చీటీ మీద రాసివ్వండి, అది అర పేజీ దాటకూడదు. జబ్బు గురించి ఒక్క ముక్క, మిగతాదంతా కావాల్సిన వాటి గురించి: తలుపు పక్క సీటు, ఆలస్యమైతే అందరి ముందు నిలదీయకుండా ఉండటం, రాసిందే మళ్ళీ రాస్తుంటే మెల్లగా తర్వాతి ప్రశ్నకు మళ్ళించడం, ఇబ్బందైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో. ప్రిస్క్రిప్షన్ జిరాక్స్ ఇవ్వబాకండి. అది స్టాఫ్‌రూం బల్ల మీద పడి ఉంటుంది.

క్లినికల్ సైకాలజిస్టు, నెల్లూరు: ఫ్రెండ్స్‌కి చెప్పడంలో అసలు చిక్కు ఎగతాళి ఒక్కటే కాదు, అతి సాయం కూడా. "చేతులు శుభ్రంగానే ఉన్నాయి" అని ఫ్రెండ్ పదిసార్లు భరోసా ఇస్తే ఆ క్షణానికి ఆందోళన తగ్గుతుంది. పదకొండోసారి అడగాలన్న ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. ఓసీడీ బతికేది ఆ భరోసా మీదే. ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్ థెరపీలో (భయపెట్టే దాన్ని ఎదుర్కొంటూ, కడగడం లాంటివి చేయకుండా ఆగడం నేర్పే పద్ధతి) మేం చేయించేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అందుకే ఫ్రెండ్‌కి చెప్పేటప్పుడే పాప ఇది కూడా చెప్పాలి: "నేను మళ్ళీ మళ్ళీ అడిగితే జవాబు చెప్పొద్దు, వేరే మాట మార్చు." బాత్రూంలో ఎక్కువసేపు ఉండనిచ్చే సడలింపూ అంతే. ఎన్ని నిమిషాలన్నది థెరపిస్టుతో తేల్చుకుని, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. హద్దు లేకుండా వదిలేస్తే జబ్బుకి జాగా ఇచ్చినట్టే.

ప్రశ్న అడిగినవారు: మరి ఫ్రెండ్‌కి ఏ మాటల్లో చెప్పాలండీ?

కౌన్సెలర్: రెండు వాక్యాలు చాలు. "నాకు కొన్ని ఆలోచనలు వదలకుండా వస్తాయి, అందుకే కడుక్కుంటాను. దానికి ట్రీట్‌మెంట్ తీసుకుంటున్నా." ఇంట్లో నాలుగైదుసార్లు పైకి అనిపించండి. ఒకరికో ఇద్దరికో, ఎదురెదురుగా చెప్పాలి. ఆ ఆలోచనలు ఏమిటని అడిగితే "అవి చెప్పను" అనే హక్కు తనకుంది. ఆ వివరమే రేపు ఎగతాళికి ముడిసరుకు. ఎవరైనా "పిచ్చి" అంటే అక్కడ వాదించొద్దు. తేదీ, అన్న మాట నోట్‌బుక్‌లో రాసుకుని, ముందు చెప్పి ఉంచిన టీచరుకు చూపించాలి.

హైస్కూలు టీచరు, కందుకూరు: నాన్నగారి భయం తీసిపారేసేది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ రోగి వివరాలు బయటపెట్టకూడదంటుంది, కానీ అది కట్టడి చేసేది వైద్యం చేసేవాళ్ళను. క్లాసు పిల్లలను కాదు. చెప్పిన మాట వెనక్కి రాదు కాబట్టే మెట్టు మెట్టుగా వెళ్ళమంటున్నాం. చీటీ కింద "మా అనుమతి లేకుండా ఇతరులకు చెప్పవద్దు" అని రాసి తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టండి. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం అవసరమనిపిస్తే అందుకు సర్టిఫికెట్ కావాలి. జబ్బు పేరు ఉన్నంత మాత్రాన అందరికీ రాదు. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) వెళ్ళకముందే డాక్టరునీ హెచ్ఎంనీ అడగండి, హాల్‌టికెట్ వచ్చాక అడిగితే చేయగలిగేది తక్కువ.

సైకాలజిస్టు: ఒక చిన్న సంగతి. ఫ్లూయాక్సెటిన్ మామూలుగా పొద్దునపూట, రోజుకొకసారే. ఇంట్లో టిఫిన్ అయ్యాక వేసేయండి. స్ట్రిప్పు బ్యాగులో ఉంటే ఎవరో ఒకరు పేరు చూసి గూగుల్ చేస్తారు. ఓసీడీలో మందు గుణం బాగా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు, మధ్యలో మీరై ఆపొద్దు. మొదటి వారాల్లో చిరాకు, అస్థిమితం పెరిగినా, చచ్చిపోవాలని ఉందన్నా అదే రోజు డాక్టరుకు చెప్పండి. రాత్రిపూటైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు. ఈ నంబరు పాప ఫోన్‌లోనూ వేసి ఉంచండి.