ఆడవాళ్లకు పాస్టర్ అభిషేకం ఇవ్వడం సంస్కరణా, వాక్యాన్ని దాటడమా?

ఒంగోలు బాప్టిస్టు:
అందరికీ వందనాలు. సెమినరీలో చదువుకుని వచ్చిన ఒక సిస్టర్‌కు అభిషేకం ఇవ్వాలా వద్దా అని మా సంఘంలో పెద్ద గొడవ నడుస్తోంది. నేను వద్దనే వైపు ఉన్నాను. స్త్రీ బోధించడానికి, పురుషుడి మీద అధికారం చేయడానికి సెలవివ్వనని 1 తిమోతి 2:12లో పౌలు సూటిగా చెప్పాడు. 1517లో సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ నిలబడింది సంఘాన్ని వాక్యం దగ్గరకు తీసుకురావడానికే గానీ లోకం వెంట నడిపించడానికి కాదు.

నంద్యాల సీఎస్ఐ:
బ్రదర్, మా నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి) 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) ఆ స్థానానికి వచ్చిన మొదటి స్త్రీ ఆవిడే. మేమూ అదే బైబిల్ చదువుతాం. మీరు చెప్పిన దానికి మూడు వచనాల పైన జడలు, బంగారం వద్దని అదే పౌలు రాశాడు కదా, మరి మన పెళ్లిళ్లలో నగలు చూసి ఎవరైనా ఆరాధన ఆపారా? అక్కడ అసలు సంగతి అణకువ అని సర్ది చెప్పుకుని, 12వ వచనానికి వచ్చేసరికి అక్షరం కదలకూడదంటే ఎలా?

ఒంగోలు బాప్టిస్టు:
నగల సంగతిలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ 13వ వచనంలో ఆదాము ముందు, హవ్వ తర్వాత అని పౌలు సృష్టి నుంచే కారణం చూపించాడు. తిమోతి ఉన్న ఎఫెసు సంఘంలోని గొడవ ఒక్కటే కారణమైతే అంత దూరం ఎందుకు వెళ్తాడు?

గుంటూరు లూథరన్ సిస్టర్:
అన్నా, 1 కొరింథీ 11లోనూ ఆ సృష్టి క్రమమే చెప్పాడు. చెప్పి, స్త్రీ ముసుగు వేసుకుని ప్రార్థించాలి, ప్రవచించాలి అన్నాడు. అదే పత్రిక 14వ అధ్యాయంలో స్త్రీలను మౌనంగా ఉండమన్నాడుగా అంటారేమో, ప్రవచించే పద్ధతి నేర్పినవాడు మూడు అధ్యాయాలు తిరిగేసరికి పూర్తిగా నోరు మూయిస్తాడా? మా నాయనమ్మ బైబిల్ స్త్రీ. పల్నాడు పల్లెల్లో ముప్పై ఏళ్లు ఎండలో నడిచి, మగవాళ్లకూ ఆడవాళ్లకూ వాక్యం చెప్పింది, అప్పుడు ఏ పెద్దకూ 2:12 గుర్తు రాలేదు. అదే వాక్యం పుల్పిట్ మీద నుంచి, కుర్చీతో, జీతంతో, ఓటుతో చెప్పాల్సి వచ్చినప్పుడే అడ్డం వస్తోంది. నాకు బాధ అక్కడ.

ఒంగోలు బాప్టిస్టు:
సిస్టర్, నేను పది ఆజ్ఞలు నేర్చుకున్నది కూడా అలాంటి ఒక అమ్మ దగ్గరే. అభిషేకానికి నా మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు, అబద్ధం చెప్పను. ఆదివారం పెద్దల మీటింగుకు మాత్రం ఆ సిస్టర్‌ను పిలవమని అడుగుతాను. ఇప్పటిదాకా ఆవిడ లేకుండానే ఆవిడ గురించి మాట్లాడుకున్నాం.