ఆర్కిడ్ ఆకులు వాడిపోతున్నాయి, నీళ్లు చాలట్లేదా?

మిద్దెతోట_కొత్త:
గృహప్రవేశానికి ఎవరో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఇచ్చారండి, తెల్ల పూలది. రెండు నెలలు పూలు చెక్కుచెదరలేదు, తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి, సరేలే అనుకున్నాను. ఇప్పుడు ఆకులు మెత్తబడి, ముడతలు పడి వేలాడుతున్నాయి. ఎండ దెబ్బేమోనని రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తున్నా, అయినా ఇంకా వాడిపోతోంది. మాది హైదరాబాద్, బోరు నీళ్లు. ఎర్రమట్టిలోకి మార్చెయ్ అంటున్నారు మా అత్తగారు. మార్చనా?

వేరుపిచ్చి:
మట్టి మాట ఎత్తకండి! పూలు రాలడం మామూలే, దానికి టెన్షన్ వద్దు. ఆకులు వాడేది నీళ్లు లేక కాదు, నీళ్లెక్కువై వేర్లు కుళ్లిపోయి తాగే దారి లేక. మొక్కని కుండీలోంచి తీసి వేర్లు నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టు. తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండి రంగులో ఉంటాయి. నొక్కగానే పైతోలు ఊడొచ్చి లోపల దారం మిగిలితే అది పోయినట్టే.

మిద్దెతోట_కొత్త:
తీశానండి. మధ్యలో నాచు ముద్ద ఉంది, గిన్నెలు తోమే స్పాంజ్‌లా, పిండితే నీళ్లు కారుతున్నాయి. వాసన కూడా. నాలుగు వేర్లే గట్టిగా ఉన్నాయి, మిగతావన్నీ దారాలే.

వేరుపిచ్చి:
నాలుగుంటే బతికించుకోవచ్చు. నాచంతా పీకేయండి. కత్తెరని స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక కుళ్లినవి కత్తిరించి, కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దండి, మంచి వేర్లకి తగిలితే అవీ ఎండిపోతాయి. తర్వాత బెరడు ముక్కలు, బొగ్గులు కలిపి చిల్లులున్న ప్లాస్టిక్ కుండీలో పెట్టండి, వేర్లు బయటికి కనపడే కుండీ అయితే నయం. అవి వెండి రంగుకి తిరిగాకే నీళ్లు, అదీ పొద్దున పూట. ఆకుల మధ్య నీళ్లు నిలిస్తే టిష్యూతో అద్దేయండి, లేకపోతే మొవ్వ కుళ్లుతుంది. బోరు నీళ్లతో ఉప్పు పేరుకుంటుంది కాబట్టి వాన పడితే రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి.

కాకినాడ_పెరడు:
మా అమ్మమ్మ మామిడి చెట్టు మీద వాండా అనే ఆర్కిడ్ కనపడితే బదనికనుకుని పీకించేసేది. బదనిక చెట్టు రసం పీలుస్తుంది, వాండా మాత్రం, మీ ఫెలనాప్సిస్ లాగే, కొమ్మని పట్టుకుని గాల్లో వేర్లు వేలాడేసుకుని కూర్చుంటుందంతే. మీ అత్తగారికి ఇదే చెప్పండి, మట్టి ఎందుకు వద్దో ఆవిడకే అర్థమవుతుంది. నేనూ ఇలాగే రెండు ఫెలనాప్సిస్‌లు చంపుకుని, ఇప్పుడు షేడ్ నెట్ కింద డెండ్రోబియమ్ ఆర్కిడ్లే పెంచుతున్నా, మా కోస్తా గాలికి అవే హాయి.

మిద్దెతోట_కొత్త:
పూల కాడ సగం ఎండింది. ఉంచనా? మళ్లీ పూస్తుందా?

వేరుపిచ్చి:
కాడని మొదలు దగ్గర కోసేయండి, ఉన్న బలం వేర్లకి పోనీండి. ఈ ఏడు పూల ఆశ వదిలేసి కొత్త ఆకు కోసం చూడండి. కోలుకున్నాక, రాత్రులు కొన్ని వారాల పాటు 20 డిగ్రీల లోపుకి వస్తే కాడ వేస్తుంది, మీ ఊళ్లో చలికాలం కిటికీ పక్కన పెడితే చాలు. నేరుగా మధ్యాహ్నం ఎండ మాత్రం తగలనీయకండి.

మిద్దెతోట_కొత్త:
కోసేశా. బొగ్గులు మా అత్తగారే ఇస్త్రీ బండి అతన్ని అడిగి తెచ్చారు. బెరడు కోసం రేపు నర్సరీకి వెళ్తున్నాం.