పెద్దల సైట్ల వ్యాపారం: ముందు ముందు పిలక ఎవరి చేతిలో?

గోదారిగట్టు:
2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, పోర్న్ సైట్లు చూసేవాళ్ల వయసు తనిఖీ చేయాలన్న టెక్సాస్ చట్టం చెల్లుతుందని 6-3తో తీర్పిచ్చింది. నెల తిరక్కుండానే, జులై 25 నుంచి, బ్రిటన్‌లోనూ తనిఖీ తప్పనిసరి చేశారు. ఇక ఈ పోర్న్ సైట్లు బతుకుతాయా? బతికితే ఎవరు చెప్పినట్టు నడుస్తాయి? తెలిసినవాళ్లు రాయండి. జోకులకి వేరే థ్రెడ్ ఉంది.

కార్డుశాస్త్రి:
కోర్టుల సంగతి తర్వాత. పిలక కార్డు కంపెనీల చేతిలో ఉంది. 2020 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాగానే వీసా, మాస్టర్‌కార్డ్ పోర్న్‌హబ్‌కి చెల్లింపులు ఆపేశాయి. రోజుల్లోనే ఆ సైటు, గుర్తింపు లేనివాళ్లు ఎక్కించిన వీడియోలు లక్షల కొద్దీ తీసేసింది. 2021 ఆగస్టులో ఓన్లీఫ్యాన్స్ అనే చందా సైటు బూతు వీడియోలు బంద్ అని ప్రకటించి, వారం లోపే వెనక్కి తగ్గింది. బ్యాంకుల వల్లే అని అప్పటి అధిపతి టిమ్ స్టోక్లీ చెప్పాడు.

మామూలు దుకాణానికి కార్డు మీద 2-3 శాతం పోతే వీళ్లకి 10-15 శాతం. వసూళ్లలో పదో వంతు ఆరు నెలలు తొక్కిపెట్టడం మామూలే. ఎందుకంటే చార్జ్‌బ్యాక్‌లు, అంటే కస్టమర్ ఫిర్యాదు చేస్తే బ్యాంకు డబ్బు వెనక్కి లాగేసుకోవడం. స్టేట్‌మెంట్‌లో ఏదో తెలియని కంపెనీ పేరుంటుంది. ఇంట్లో “ఇదేంటి?” అనగానే “ఎవడో నా కార్డు వాడేశాడు” అని బ్యాంకుకి ఫోన్. ఇవి కార్డు కంపెనీలు పెట్టిన హద్దు దాటితే ఖాతా నిఘాలో పడుతుంది, తగ్గకపోతే మూతే. అందుకే పని తెలిసినవాడు బిల్లులో పేరు పక్కనే ఫోన్ నంబరు పెడతాడు, చేసినవాడికి మారు మాట్లాడకుండా డబ్బు తిరిగిచ్చేస్తాడు. రీఫండ్‌తో పోయేది ఆ నెల చందా. చార్జ్‌బ్యాక్ అయితే చందా, పైన ఫీజు, రికార్డులో మచ్చ.

నెట్‌వర్క్‌నాగు:
సరే అన్నా, వేరే దేశం నుంచి చూస్తున్నట్టు కనిపించేలా చేసే వీపీఎన్ మాటేంటి? మనిషి ఎక్కడున్నాడో సైటు ఐపీ, అంటే నెట్ చిరునామా, చూసి తేల్చుకుంటుంది. వీపీఎన్‌లో తనిఖీ లేని దేశం ఎంచుకుంటే వయసు అడిగే పేజీయే రాదు. బ్రిటన్‌లో అమలు మొదలవగానే కొత్త ఖాతాలు 1,400 శాతానికి పైగా ఎగబాకాయని ప్రోటాన్ వీపీఎన్ వాళ్లే చెప్పారు. మన దగ్గర 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశంతో 827 సైట్లు ఆపిస్తే, పోర్న్‌హబ్ డాట్ కామ్ తీసి డాట్ నెట్ పెట్టుకుని తిరిగొచ్చింది.

డల్లాస్‌తమ్ముడు:
ఇక్కడ 2024 మార్చిలోనే పోర్న్‌హబ్ షట్టర్ దించేసింది. తెరిస్తే చట్టాన్ని తిడుతూ ఒక ఉత్తరం వస్తుంది... అని విన్నాను.

కార్డుశాస్త్రి:
నాగు గారూ, వీపీఎన్‌తో దూరేవాడు ఊరికే చూసి పోయేవాడు. వాడి మీద వచ్చేది ప్రకటనల చిల్లర. కార్డుకి వీపీఎన్ లేదు.

నెట్‌వర్క్‌నాగు:
లూసియానాలో 2023 జనవరి నుంచి ఐడీ అడిగితే ట్రాఫిక్ 80 శాతం పడిపోయిందని పోర్న్‌హబ్ వాళ్లే చెప్పుకున్నారు. వాళ్లంతా సన్యాసం పుచ్చుకున్నారా? టెక్సాస్ చట్టమేమో సరుకులో మూడో వంతు దాటి బూతున్న సైట్లకే. మిగతా వాటిలో కలిపి పెట్టినవాడు దర్జాగా తప్పించుకుంటాడు. వీపీఎన్‌కి నువ్వింకా జవాబు చెప్పలేదు.

వైజాగ్‌సీతాలు:
ఏఐ మాట ఎవరూ ఎత్తరేం? ఓన్లీఫ్యాన్స్ 2024 లెక్క చూడండి. చందాదారులు కట్టింది సుమారు 720 కోట్ల డాలర్లు, సంపాదించే ఖాతాలు 46 లక్షలు. కంపెనీ 20 శాతం పోను తలకి ఏడాదికి 1,250 డాలర్లు. అదీ సగటే. పైనున్న కొద్దిమంది పట్టుకుపోయాక కిందవాళ్లకి మిగిలేది కెమెరా ఈఎంఐకి చాలదు. ఏఐ ముందు మింగేది వీళ్లనే.

కార్డుశాస్త్రి:
అక్కడా అదే కథ. ఏఐ బొమ్మల సైటు సివిట్‌ఏఐకి 2025 మేలో కార్డు చెల్లింపులు చూసే కంపెనీ చెయ్యిచ్చింది. జులైలో గేములమ్మే స్టీమ్‌లో పెద్దల గేములు తీసేసిందీ చెల్లింపుల వాళ్ల ఒత్తిడికే.

నెట్‌వర్క్‌నాగు:
ఆ వ్యాపారానికి వకాల్తా పుచ్చుకున్నావా? చార్జ్‌బ్యాక్ తప్పించుకునే ఉపాయాలు కూడా నేర్పుతున్నావు.

కార్డుశాస్త్రి:
నోరు అదుపులో పెట్టుకోండి. 2021 అక్టోబర్ 15 నుంచి అమలైన మాస్టర్‌కార్డ్ రూలు చదివారా? ఎక్కించేవాడివీ, అందులో కనబడే ప్రతి మనిషివీ వయసు, గుర్తింపు పత్రాలు ఉండాలి. పెట్టకముందే చూడాలి. ఫిర్యాదు వస్తే ఏడు పనిదినాల్లో తేల్చాలి. ఒకమ్మాయి వీడియో ఆమెకి తెలియకుండా పెడితే, ఈ రూలున్న చోట వెళ్లి అడగడానికి ఒక గుమ్మముంది. మీ 80 శాతం పారిపోయిన చోట ఎవడిని అడుగుతుంది?

నెట్‌వర్క్‌నాగు:
అలా రా దారికి. నీకు ఈ వ్యాపారం పద్ధతిగా నడవాలి. నాకు అసలు నడవకూడదు. మన ఐటీ చట్టం 67ఏ ప్రకారం ఇది నెట్‌లో పెట్టడమే నేరం. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. అక్కడా అదే పెట్టమను.

వైజాగ్‌సీతాలు:
ఆ సెక్షన్ ఉన్న దేశంలోనే ఉల్లు, ఆల్ట్‌ లాంటి యాప్‌లు ఏళ్ల తరబడి చందాలు దండుకున్నాయి. 2025 జులైలో గానీ అలాంటి 25 యాప్‌లని కేంద్రం ఆపించలేదు.

గోదారిగట్టు:
అవి పక్కన పెట్టండి. తన ఫొటో బయటపడుతుందని భయపడే మనిషి ఇవాళ ఏం చేయాలి?

కార్డుశాస్త్రి:
18 దాటినవాళ్లయితే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. ఫోన్‌లోనే ఆ ఫొటోకి హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక కోడ్, తయారవుతుంది. ఫొటో బయటికి పోదు, హ్యాష్ ఒక్కటే సభ్య కంపెనీలకి వెళ్తుంది. అదే ఫొటో ఎవరైనా ఎక్కించబోతే పట్టుకుంటారు. కత్తిరించినా, మీద ఏదైనా అతికించినా హ్యాష్ మారిపోవచ్చు, అందుకని ఉన్న ప్రతి కాపీకీ విడిగా చేయాలి. పోర్న్‌హబ్, ఓన్లీఫ్యాన్స్ అందులో చేరాయి. నాగు గారి దొంగ సైట్లు చేరవు.

నెట్‌వర్క్‌నాగు:
అవి నావెప్పుడయ్యాయి శాస్త్రీ?