అండమాన్‌లోని హేవలాక్ దీవిలో అర్ధరాత్రి నాన్నకు గుండెనొప్పి వస్తే ఏం చేయాలి?

నమస్కారమండీ. మాది విశాఖపట్నం. వచ్చే నెల అమ్మానాన్నలను తీసుకుని అండమాన్ వెళ్తున్నాం. నాన్నకు 68 ఏళ్లు, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ప్రయాణం చేయొచ్చని డాక్టర్‌గారు చెప్పారు. నాన్న ఇప్పటికే గుండెనొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రల స్ట్రిప్పును చిన్న ముక్కగా కత్తిరించి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. అది చూసినప్పటి నుంచి నాకే టెన్షన్.

పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) జి.బి. పంత్ ఆసుపత్రి ఉంది కాబట్టి అక్కడ నాకు ధైర్యమే. భయమల్లా హేవలాక్‌లో ఉండే రెండు రాత్రుల గురించే. మధ్యలో సముద్రం, పడవలేమో పగటిపూటే. గుండెపోటులో ఒక్కో నిమిషం ఎంత విలువైనదో స్టెంట్ వేసిన రోజు కళ్లారా చూశాను.

అక్కడి ఆరోగ్య కేంద్రం ఎమర్జెన్సీకి ఎవరైనా వెళ్లారా? రాత్రిపూట డాక్టర్ ఉంటారా? ఈసీజీ తీసి, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరా? పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే రాత్రికి రాత్రే పంపుతారా, తెల్లారేదాకా ఆగాలా? హెలికాప్టర్లో రోగులను తరలిస్తారని విన్నాను, దానికి ఎవరిని అడగాలి?

అక్కడ స్థిరపడిన మనవాళ్లు చాలామంది ఉన్నారు కదా, దయచేసి చెప్పండి. రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూడాలని అమ్మకు ఎప్పటినుంచో కోరిక. అయినా సరే, ప్రమాదమంటే హేవలాక్ బుకింగ్ ఇవాళే రద్దు చేస్తాను.