అప్‌డేట్: శాఖా గ్రంథాలయంలో పసిపిల్లల కథాసమయం, ‘వాన’ ఇతివృత్తం

మా ఊరి శాఖా గ్రంథాలయంలో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలను కలిపి కూర్చోబెట్టి ఒకే ఇతివృత్తంతో కథలు చెప్పడం ఎలాగని లోగడ అడిగాను. వయసులవారీగా విడదీయమని కొందరు, కథల నిడివి తగ్గించమని కొందరు సూచించారు. ఉన్నది ఒకటే గది కనుక రెండో సలహానే పాటించాను.

కాస్త పెద్ద కథను పిల్లలు కుదురుగా ఉండే మొదటి నిమిషాల్లోనే ముగించి, అరచేతిపై ఒక వేలితో మొదలుపెట్టి ఐదు వేళ్లతో తడుతూ చినుకును జడివానగా పెంచే ఆట ఆడించి, చివరకు ప్రతి పుటలోనూ ఒకే వాక్యం తిరిగివచ్చే బొమ్మల పుస్తకం చదివాను. రెండేళ్లవారికి కథ అందకపోయినా ఆ వాక్యం అందింది. నాలుగేళ్లవారైతే తరువాతి పుటలో ఏముందో ముందే చెప్పేయసాగారు. కప్ప బొమ్మకు రంగులు వేయించడం మాత్రం చిన్నవారికి నప్పలేదు (రంగులు నేరుగా నోట్లోకి వెళ్లాయి). వారిచేత తల్లులతో కలిసి నీలం చీరను అలలా ఊపించడమే మేలనిపించింది.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు బాలల దినోత్సవం నాడే మొదలవుతాయి కనుక, అప్పటికి ‘సంత’ ఇతివృత్తాన్ని ఎంచుకున్నాను. బుట్టలో ప్లాస్టిక్ బొమ్మలు కాక నిజమైన వంకాయలు, బెండకాయలే ఉంటాయి.